తరగతి గదిలో వైర్‌లెస్ టీవీ: చెవిన పెట్టకూడని పది సలహాలు

ఖమ్మంలోని డిగ్రీ కాలేజీ కావచ్చు, కొత్తగూడెంలోని ఇంజినీరింగ్ కాలేజీ కావచ్చు, భద్రాచలం దాటాక చర్ల, దుమ్ముగూడెం దారిలో అడవి అంచున ఉన్న గురుకులం కావచ్చు. గోడకి పెద్ద టీవీయో ఇంటరాక్టివ్ ప్యానెలో వచ్చిందంటే దాని వెనకే ఒక కోరిక కూడా వస్తుంది. ఫోన్‌లో ఉన్న పాఠం వైరు లేకుండా తెరమీద పడాలి. అందుకని హెచ్‌డీఎంఐ సాకెట్లో క్రోమ్‌కాస్టో, ఫైర్ టీవీ స్టిక్కో, ఇంకేదో డాంగిలో పెడతారు. లెక్చరర్ ఫోన్ తీసి కాస్ట్ గుర్తు నొక్కుతారు. టీవీ పేరు కనబడదు. పిల్లలు ఎదురుచూస్తుంటారు, పీరియడ్‌లో పది నిమిషాలు పోతాయి.

అప్పుడు సలహాలు మొదలవుతాయి. డాంగిల్ అమ్మినాయన ఒకటి చెప్తారు, కేబుల్ లాగిన అబ్బాయి ఇంకొకటి, పక్క కాలేజీ ల్యాబ్ ఇన్‌ఛార్జి మరొకటి. వీటిలో చాలావరకు ఆ పూటకి పనిచేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఒక గదిలో ఆ పూట గడిచినందుకు నెలల తరబడి క్యాంపస్ మొత్తం మూల్యం చెల్లిస్తుంది. అందుకే ఎక్కువగా వినబడే పది సలహాలను వరసగా తీసుకుని, ప్రతిదీ ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

1. “ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. కాలేజీకీ అదే కొనేయండి.”

ఇంటికీ కాలేజీకీ ఉన్న తేడాలోనే అసలు విషయమంతా ఉంది. ఈ పరికరాలను ఇంటి కోసం తయారుచేశారు. ఇంట్లో ఒకటే రౌటర్, ఒకటే పాస్‌వర్డ్, ఉన్నవాళ్లంతా మనవాళ్లే. ఫోన్ టీవీని వెతికే పద్ధతిని ఎండీఎన్ఎస్ అంటారు. ఆపిల్ దానికి పెట్టుకున్న పేరు బాంజూర్. ఫోన్ 224.0.0.251 అనే మల్టీకాస్ట్ చిరునామాకి, 5353 పోర్టులో, “ఇక్కడ టీవీలేమైనా ఉన్నాయా?” అని అడుగుతుంది. వాకిట్లో నిలబడి కేకేయడం లాంటిది అది. ఆ వాకిలి దాటి కేక వినబడదు. అంటే ఆ ప్రశ్నని రౌటర్ ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి పంపదు. నియమమే అలా రాశారు. కాలేజీల్లో ఒకే నెట్‌వర్క్‌ని వీలాన్‌లనే విడి ముక్కలుగా చేస్తారు. స్టాఫ్ వైఫై ఒక వీలాన్‌లో, టీవీ ఇంకో వీలాన్‌లో ఉంటే రెండూ ఒకే గదిలో ఉన్నా ఒకదానికొకటి కనబడవు.

లాగిన్ చిక్కు కూడా ఉంది. చాలా క్యాంపస్‌లలో ఒక్కొక్కరికీ వేరే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ వైఫై గానీ, బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరుచుకునే వైఫై గానీ ఉంటుంది. మొదటి తరాల క్రోమ్‌కాస్ట్‌లకి ఈ రెండూ చేతకావు. వాటికి తెలిసింది ఇంట్లో వాడే మామూలు పాస్‌వర్డ్ ఒక్కటే.

ఈ ఇబ్బంది మన జిల్లాలకే పరిమితం కాదు. 2012లో అమెరికా యూనివర్సిటీల నెట్‌వర్క్ ఇంజినీర్లు ఎడ్యుకాజ్ సంస్థ వేదికగా ఆపిల్ కంపెనీకి ఒక విజ్ఞాపన పెట్టుకున్నారు. ఆపిల్ టీవీ, ఎయిర్‌ప్లే పెద్ద నెట్‌వర్క్‌లలో పనిచేసేలా మార్చండి, ఎంటర్‌ప్రైజ్ లాగిన్ ఇవ్వండి అన్నది వాళ్ల కోరిక. అంత పెద్ద యూనివర్సిటీలే అడగాల్సి వచ్చిన విషయం ఇది. కాబట్టి కొనేముందు ఒక్క పరికరం తెచ్చి, మీ గదిలో, మీ వైఫైలో, మీ స్టాఫ్ ఫోన్లతో పరీక్షించండి. ఇరవై ఒకేసారి కొనకండి.

2. “క్లయింట్ ఐసొలేషన్ అని ఒకటుంటుంది. అది తీసేస్తే సరి.”

తీసేస్తే టీవీ నిజంగానే కనబడుతుంది. దానితోపాటు ఆ వైఫైలో ఉన్న ప్రతి ఫోనూ, ప్రతి ల్యాప్‌టాపూ మిగతావాటికి కనబడటం మొదలవుతుంది. ఒకరి ఫోన్ ఇంకొకరి ఫోన్‌ని నేరుగా తాకకుండా కాపాడేదే ఐసొలేషన్. ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉంటే, పరీక్ష విభాగం కంప్యూటర్లో షేర్ చేసిన ఫోల్డర్ దాకా అది పాకడానికి అడ్డుండదు.

విద్యార్థుల వైఫైలో ఐసొలేషన్‌ని ఎప్పటికీ తీయకండి. టీవీలకి విడిగా ఒక వీలాన్ ఇవ్వండి. స్టాఫ్ వీలాన్ నుంచి ఆ టీవీ వీలాన్‌కి కావలసిన దారులు మాత్రమే తెరవండి. టీవీల వైపు నుంచి ఆఫీసు కంప్యూటర్లకి దారి ఉండకూడదు.

3. “ఇన్ని వీలాన్‌లెందుకు? క్యాంపస్ అంతా ఒకే నెట్‌వర్క్ చేసేయండి.”

ఇది అన్నింటికన్నా ఖరీదైన సలహా. కారణం చూపించడానికి చిన్న లెక్క చాలు. మల్టీకాస్ట్ పొట్లాన్ని (ప్యాకెట్‌ని) వైఫై మామూలు వేగంతో పంపదు. దూరంగా ఉన్న ఫోన్‌కి కూడా అందాలి కాబట్టి యాక్సెస్ పాయింట్ దాన్ని కనీస వేగంతో పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ కనీస వేగం 1 ఎంబీపీఎస్ దగ్గర ఉందనుకోండి. 300 బైట్ల పొట్లం ఒకటి గాలిలో సుమారు 2.6 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. క్యాంపస్‌లోని వందల ఫోన్లు, టీవీలు, ప్రింటర్లు అన్నీ కలిసి సెకనుకి అలాంటివి 100 పంపితే, ప్రతి సెకనులో నాలుగో వంతు ఆ కేకలకే పోతుంది. పాఠం నడిచేది మిగిలిన ముప్పావు సెకనులోనే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఇక తప్పించుకునే చోటెక్కడ?

హాస్టలూ, స్కూలూ, స్టాఫ్ క్వార్టర్సూ ఒకే కాంపౌండ్‌లో ఉండే మన గురుకులాలకి ఇది మరీ నష్టం. సాయంత్రం క్వార్టర్స్‌లో ఎవరింటి టీవీ ఆన్ అయినా దాని కేక తరగతి గది దాకా వస్తుంది. నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగానే ఉంచండి. కనీస వేగాన్ని 12 ఎంబీపీఎస్‌కి పెంచండి. టీవీలని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. 2013లో వచ్చిన మొదటి క్రోమ్‌కాస్ట్‌కి 5 గిగాహెర్ట్జ్ రాదు. ఎవరైనా పాతది ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

4. “ఎండీఎన్ఎస్ గేట్‌వే పెట్టండి, అన్ని టీవీలూ అందరికీ కనబడతాయి.”

ఈ సలహాలో మొదటి సగం సరైనదే. ఒక వీలాన్‌లోని ప్రశ్నని విని ఇంకో వీలాన్‌లోని జవాబు అందించే పని గేట్‌వే చేస్తుంది. సిస్కో, అరూబా, రకస్ వైఫై కంట్రోలర్లలో ఈ వసతి ఉంది. అరూబా దాన్ని ఎయిర్‌గ్రూప్ అంటుంది. అంత డబ్బు లేనిచోట లైనక్స్ కంప్యూటర్లో అవాహీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కూడా ఆ పని కానివ్వొచ్చు.

రెండో సగం దగ్గరే పాఠం చెడిపోతుంది. అన్నీ అందరికీ కనబడితే, మ్యాథ్స్ సార్ ఫోన్‌లో ముప్పై టీవీల జాబితా వస్తుంది. అందులో సగం పేర్లు “లివింగ్ రూమ్ టీవీ”. ఆయన తొందరలో ఒకటి నొక్కుతారు. పై అంతస్తులో జువాలజీ మేడమ్ గుండె గదుల బొమ్మ చూపిస్తుండగా తెరమీద త్రికోణమితి వచ్చిపడుతుంది. డిగ్రీ కాలేజీలో ఇదే పని ఒక విద్యార్థి కావాలని చేస్తే పడేది లెక్కల పాఠం కాదు.

గేట్‌వే పెట్టండి, గదుల వారీగా వడపోత కూడా పెట్టండి. ఫలానా గది యాక్సెస్ పాయింట్‌కి తగులుకున్న ఫోన్‌కి ఆ గది టీవీ మాత్రమే కనబడాలి. విద్యార్థుల వైఫైకి ఏదీ కనబడకూడదు. ప్రతి టీవీకి తలుపు మీదున్న గది నంబరే పేరుగా పెట్టండి. తెరమీద కోడ్ చూసి కొట్టాకే కలిసే ఏర్పాటు ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. ఎయిర్‌ప్లేకి ఆ వసతి ఉంది.

కనబడటం వేరు, కలవడం వేరు. టీవీ పేరు వచ్చి, నొక్కితే తిరుగుతూనే ఉంటే ఫైర్‌వాల్‌ని చూడండి. గూగుల్ కాస్ట్‌కి స్టాఫ్ వైపు నుంచి టీవీ వైపుకి 8008, 8009 పోర్టులు తెరిచి ఉండాలి.

5. “అంత గొడవెందుకు, గదికో చిన్న రౌటర్ పెట్టుకోండి. లేదంటే ఫోన్ హాట్‌స్పాట్.”

షాపులో దొరికే రౌటర్ తెచ్చి గోడ సాకెట్లో పెట్టారనుకోండి. కేబుల్‌ని వాన్ పోర్టులో కాకుండా పొరపాటున లాన్ పోర్టులో గుచ్చితే ఏమవుతుంది? ఆ రౌటర్ క్యాంపస్ కంప్యూటర్లన్నిటికీ తానే ఐపీ చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. పక్క బ్లాక్‌లో ఆన్‌లైన్ అడ్మిషన్లు చేస్తున్న క్లర్క్ కంప్యూటర్‌కి 192.168తో మొదలయ్యే ఏదో తప్పుడు చిరునామా వస్తుంది, నెట్ పోతుంది. కారణం ఎక్కడుందో వెతకడానికి పూట పడుతుంది, ఎందుకంటే ఆ రౌటర్ సంగతి ఎవరూ చెప్పరు. ఇలాంటి దొంగ రౌటర్లని స్విచ్‌లోనే ఆపడానికి డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ ఉంది. మేనేజ్డ్ స్విచ్‌లు ఉన్న ప్రతి కాలేజీ దాన్ని ఈరోజే ఆన్ చేసుకోవాలి.

హాట్‌స్పాట్ సంగతి వేరు. డాంగిల్ ఒక హాట్‌స్పాట్ పేరుకి అలవాటు పడుతుంది. తర్వాతి పీరియడ్‌లో వచ్చే మేడమ్ మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయాలి. పైగా అడవి వైపు పోయేకొద్దీ సిగ్నల్ కిటికీ దగ్గర ఒక గీత, బోర్డు దగ్గర శూన్యం. మీ పాఠానికి లెక్చరర్ సొంత డేటా ఖర్చు కావడం కూడా న్యాయం కాదు.

6. “మిరాకాస్ట్ వాడండి. నెట్‌వర్క్‌తో పనే లేదు.”

ఇందులో నిజం ఉంది కాబట్టి దీన్ని జాగ్రత్తగా చెప్పాలి. మిరాకాస్ట్ 2012లో వచ్చింది. ఇది వైఫై డైరెక్ట్ మీద నడుస్తుంది. రౌటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. విండోస్ ల్యాప్‌టాప్, మిరాకాస్ట్ ఉన్న టీవీ ఉంటే నేరుగా కలుస్తాయి. నెట్ పోయిన రోజు మన ప్రాంతంలో ఇది నిజంగా ఆదుకుంటుంది.

కానీ ఐఫోన్లలో మిరాకాస్ట్ లేదు. గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లలోనూ లేదు. సామ్‌సంగ్ లాంటి కొన్ని కంపెనీలు తమ పేర్లతో ఉంచాయి. “ఫోన్ ఏదైనా ఫరవాలేదు” అని స్టాఫ్‌కి మాటిస్తే సగంమంది దగ్గర అది తప్పుతుంది. రౌటర్ అక్కర్లేకపోయినా గాలి అదే గాలి. పక్కపక్కన పది గదుల్లో పది మిరాకాస్ట్‌లు నడిస్తే అవి క్యాంపస్ వైఫైకే అడ్డు తగులుతాయి. విండోస్ 10కి 2017లో వచ్చిన అప్‌డేట్ నుంచి, ఉన్న నెట్‌వర్క్ మీదుగానే మిరాకాస్ట్ నడిపే వసతి కూడా ఉంది. 7250 పోర్టు తెరవాలి, దాన్ని సపోర్ట్ చేసే రిసీవర్ ఉండాలి. ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా వాడే కాలేజీకి ఇది మంచి దారి.

7. “నెట్ స్పీడ్ పెంచితే అన్నీ సర్దుకుంటాయి.”

స్పీడ్ పెంచినంత మాత్రాన ఫోన్‌కి టీవీ కనబడదు. పైన చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా ఇంటర్నెట్ వేగానికి సంబంధించింది కాదు.

దీని వెనక ఇంకో పెద్ద పొరపాటు ఉంది. యూట్యూబ్ వీడియోని క్రోమ్‌కాస్ట్‌కి పంపినప్పుడు ఆ వీడియో ఫోన్ నుంచి టీవీకి పోదు. ఫోన్ చిరునామా మాత్రమే చెప్తుంది. వీడియోని డాంగిల్ తానే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కాబట్టి నెట్ పోతే ఆ వీడియో కూడా ఆగిపోతుంది.

మన ప్రాంతంలో నెట్ పోవడం అరుదైన సంగతి కాదు. ఎండాకాలం గాలిదుమారానికి కొమ్మలు విరిగి స్తంభాల మీది ఫైబర్ తెగుతుంది. వానాకాలం గోదావరి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. అలాంటి వారాల్లో నెట్ మీదే ఆధారపడిన తరగతి గది ఖాళీ గోడతో సమానం. అందుకే పాఠాన్ని ముందే దించిపెట్టుకోండి. దీక్షా యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. టీ-శాట్ విద్య, నిపుణ ఛానెళ్లు, పీఎం ఈ-విద్య డీటీహెచ్ ఛానెళ్లు ఉపగ్రహం నుంచి వస్తాయి. నేలమీది ఫైబర్ తెగినా అవి ఆగవు. టీవీకి సెట్‌టాప్ బాక్స్ తగిలించే సాకెట్ ఒకటి ఖాళీగా ఉంచండి.

8. “సార్ జీమెయిల్‌తోనే టీవీలో లాగిన్ చేసేయండి.”

ఆ సార్ యూట్యూబ్ చరిత్ర అంతా రేపు క్లాసు ముందు తెరమీద కనబడుతుంది. ఆయన బదిలీ అయి వెళ్లాక టీవీని మళ్లీ సెట్ చేయడానికి ఆయన పాస్‌వర్డ్ కావాలి. టీవీల కోసం సంస్థ పేరుతో ఒక ఖాతా తెరిచి, దాని వివరాలు ప్రిన్సిపాల్ దగ్గర రిజిస్టర్‌లో రాసిపెట్టండి.

ఫోన్ తెరని మొత్తంగా టీవీకి పంపే ముందు నోటిఫికేషన్లు ఆపడం ప్రతి అధ్యాపకుడికీ నేర్పండి. ఆసుపత్రి నుంచి వచ్చిన మెసేజీ, బ్యాంకు ఓటీపీ నలభైమంది పిల్లల ముందు కనబడకూడదు. ఒకసారి అలా ఇబ్బంది పడినవాళ్లు మళ్లీ ఆ టీవీ జోలికి వెళ్లరు.

9. “బయటి నుంచి కూడా నడపొచ్చు, రౌటర్లో పోర్టులు తెరిచిపెట్టండి. యూపీఎన్‌పీ ఆన్ చేయండి.”

2019 జనవరిలో ఏం జరిగిందో తెలుసుకుంటే ఈ సలహా ఎవరూ ఇవ్వరు. పరికరాలు అడిగితే రౌటర్ తానే పోర్టులు తెరిచే సెట్టింగ్ యూపీఎన్‌పీ. రౌటర్లలో అది తెరిచి ఉన్నందువల్ల ఇంటర్నెట్‌కి బయటపడ్డ వేలాది క్రోమ్‌కాస్ట్‌లనీ, స్మార్ట్ టీవీలనీ ఇద్దరు హ్యాకర్లు పట్టుకుని తమకి నచ్చిన వీడియోని వాటిమీద ప్లే చేశారు. ఆ ఘటనకి క్యాస్ట్‌హ్యాక్ అని పేరొచ్చింది. వాళ్లు హెచ్చరిక కోసమే చేశామన్నారు. ఇంకెవరైనా అయితే పిల్లలు చూస్తున్న తెరమీద ఏది వేసేవారో ఊహించుకోండి. క్యాంపస్ టీవీకి ఇంటర్నెట్ వైపు వెళ్లే దారి ఉండాలి, ఇంటర్నెట్ నుంచి టీవీ వైపు వచ్చే దారి ఉండకూడదు.

పరికరం హార్డ్‌వేర్ గుర్తింపైన మ్యాక్ చిరునామాని రిజిస్టర్ చేస్తే భద్రత వచ్చేసినట్టే అనుకోవడమూ ఇలాంటిదే. మ్యాక్ చిరునామాని ఎవరైనా నకలు చేయగలరు. పరికరానికో పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి ఇప్పుడు పెద్ద కంపెనీల కంట్రోలర్లలో చాలావాటిలో ఉంది. డాంగిల్ పోయినా దాని పాస్‌వర్డ్ ఒక్కటే రద్దు చేస్తే సరిపోతుంది.

10. “ఒకసారి కొంటే పదేళ్లు చూడక్కర్లేదు. కేబుల్ పాతకాలం, తీసేయండి.”

గూగుల్ 2024 ఆగస్టులో క్రోమ్‌కాస్ట్ తయారీ ఆపేసింది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతా ఒక్కసారే మూగబోయాయి. లోపల ఉన్న ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే కారణం. కొన్నవాళ్లు ఏ తప్పూ చేయలేదు. కంపెనీ సరిచేసేదాకా ఎదురుచూడటం తప్ప వాళ్ల చేతిలో ఏమీ లేకపోయింది. ఇంటి వస్తువుకి ఇది కాస్త ఇబ్బంది. ఇరవై గదుల కాలేజీకి ఇది ఇరవై ఆగిన పాఠాలు.

చిన్న విషయం కూడా ఒకటి చెప్పాలి. డాంగిల్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇవ్వకండి. చాలా టీవీల పోర్టు అర ఆంపియరే ఇస్తుంది, డాంగిల్‌కి అంతకన్నా ఎక్కువ కావాలి. టీవీ ఆపిన ప్రతిసారీ డాంగిల్ కూడా ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. కరెంటు పోయే ఊళ్లలో దాన్నీ యాక్సెస్ పాయింట్‌నీ ఇన్వర్టర్ లైనుకి కలపండి.

ఇక కేబుల్ విషయం. పది మీటర్ల లోపు మంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేదు, వీలాన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, దాని గడువూ తీరదు. గోడలో పైపు వేసి, అధ్యాపకుల బల్ల దాకా లాగి, టైప్-సీ అడాప్టర్ ఒకటి తాడుతో కట్టి ఉంచండి.

పైన ఉన్నవన్నీ ఒకేసారి చేయాలని భయపడకండి. వరస ఇది: ముందు ప్రతి గదికీ కేబుల్. తర్వాత టీవీలకి విడి వీలాన్. ఆ తర్వాత గది నంబర్లతో పేర్లు. చివరికి గదుల వారీ వడపోతతో గేట్‌వే. మొదటి మూడింటికి పెద్ద ఖర్చు లేదు. నాలుగోది కంట్రోలర్ కొనేటప్పుడే టెండర్ కాగితంలో రాయించాలి, కొన్నాక అడిగితే రాదు.

ప్రిన్సిపాళ్లకి, వార్డెన్లకి, ల్యాబ్ ఇన్‌ఛార్జిలకి నా మనవి ఒకటే. అడవి అంచున చదువుకునే పిల్లకి తెరమీద కనబడే గుండె బొమ్మ, పట్నం పిల్లకి కనబడేంత స్పష్టంగానే కనబడాలి. అది ఆ పిల్ల హక్కు. ఈ ఏడాది ఇండెంట్‌లో డాంగిల్ రాసే ప్రతిచోటా దాని పక్కనే కేబుల్ కూడా రాయండి, సంతకం పెట్టే ముందు మీ నెట్‌వర్క్ చూసే మనిషిని పిలిచి ఒక్కసారి అడగండి.